క్షమించమని చెప్పే ముందు

మన పిల్లల మీద జరిగిన ఒక నేరానికి మన ఊళ్లు ఎన్నో పేర్లు పెట్టాయి. గాలి సోకింది అన్నాయి. చిల్లంగి అన్నాయి, బాణామతి అన్నాయి. గ్రహం బాగోలేదన్నాయి. సాతాను శోధన అన్నాయి. పోయిన జన్మలో చేసుకున్న కర్మ అన్నాయి. అసలు పేరు మాత్రం పెట్టలేదు. ఈ పిల్లకు, ఈ పిల్లవాడికి చిన్నతనంలో ఒక మనిషి హాని చేశాడు, ఆ మనిషికి ఒక పేరుంది, ఒక ఊరుంది, బహుశా ఒక ఉద్యోగం కూడా ఉంది. ఈ మాట ఎవరూ అనలేదు.

మేము ఇక్కడ మాట్లాడుతున్నది ఇప్పుడు పెద్దవాళ్లయిన ఆ పిల్లల గురించి. ఆరేళ్లకో ఏడేళ్లకో ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఆశ్రమ పాఠశాలకు వెళ్లిన వాళ్ల గురించి. హాస్టల్లో, బంధువుల ఇంట్లో, పనికి పెట్టిన షావుకారు ఇంట్లో, పశువుల వెంట వెళ్లిన అడవిలో లైంగిక హింసకు గురైన వాళ్ల గురించి. వాళ్లిప్పుడు తల్లులు, తండ్రులు. కొందరు టీచర్లు, కొందరు కానిస్టేబుళ్లు, కొందరు కూలీలు. రాత్రిళ్లు నిద్ర రాదు. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది. కొందరు సారాలో మునిగారు. కొందరికి ఉన్నట్టుండి మూర్ఛ వస్తుంది. కూతుర్ని హాస్టల్లో చేర్చే రోజు వస్తే గేటు దగ్గరే కాళ్లు ఆడని తల్లులున్నారు. ఎందుకో చెప్పలేరు, చెప్పేందుకు మనం చోటివ్వలేదు.

ఇది ఒకరిద్దరి కథ అనుకునేవాళ్లు 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ చేయించిన అధ్యయనం చూడాలి. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు గురయ్యామని చెప్పినవాళ్లు నూటికి 53 మంది. ఎక్కువ నమోదైన రాష్ట్రాల్లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. గురైనవాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ నాటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు మన పక్కనే సంసారాలు చేసుకుంటున్నారు.

మూడు గడపలు

ఇలాంటి మనిషి గుండె బరువు దించుకోవడానికి ఎక్కడికి వెళ్తాడు? పట్నంలో మానసిక వైద్యుడి దగ్గరికి కాదు. ఆ వైద్యుడు ఏజెన్సీలో ఉండడు. మన మనిషి ఎక్కేది మూడు గడపలు: వెజ్జు గడప, చర్చి గడప, గుడి గడప. ఈ గడపలు ఎక్కడం తప్పని మేము అనడం లేదు. అక్కడ ఆ మనిషికి ఏం దొరుకుతోంది అన్నదే మా ప్రశ్న.

వెజ్జు, దిసారి, గురువు బియ్యం గింజలు చూసి, కోడిని కోసి, ఎవరు పట్టారో చెబుతారు. పేరు తెలియని జబ్బుకు పేరు దొరికితే మనిషికి కొంత ఊరట. కాదనం. కానీ ఆ పేరు తప్పయితే? చేసినవాడు ఊళ్లో దర్జాగా తిరుగుతుంటాడు. చిల్లంగి పెట్టిందన్న నెపం పక్కింటి ముసలి విధవరాలి మీద పడుతుంది. ఒక గాయానికి మందు దొరక్కపోగా ఇంకో మనిషికి గాయం అవుతుంది. మన్యంలో చిల్లంగి పేరుతో పోయిన ప్రాణాలు మనకు తెలియనివా?

స్వస్థత కూటంలో పాస్టరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాడు. తనకోసం ఒకరు కన్నీళ్లతో ప్రార్థించడం ఆ మనిషికి జీవితంలో అదే మొదటిసారి కావచ్చు. దాని విలువ మాకు తెలుసు. ఎంతమంది ఆ ప్రార్థనతోనే సారా మానేశారో కూడా తెలుసు. కానీ ఆ వెంటనే వచ్చే మాట ఏమిటి? క్షమించు, క్షమిస్తేనే నీకు స్వస్థత. ఆ తర్వాత, సభ ముందు నిలబడి సాక్ష్యం చెప్పు. మూర్ఛ మళ్లీ వస్తే నీ విశ్వాసం చాలలేదు.

గుడి గడప దగ్గర మాట వేరు, భావం ఒకటే. మాల వేసుకో, మొక్కు తీర్చుకో, పాత కర్మ కరిగిపోతుంది. అంటే ఏడేళ్ల పిల్ల ఏదో పాపం చేసుకుంది కాబట్టి అనుభవించింది అన్నమాట. ఇంతకంటే క్రూరమైన మాట ఇంకేముంది?

మూడు గడపల దగ్గరా దేవుళ్లు వేరు, మంత్రాలు వేరు. తాళం మాత్రం ఒక్కటే. నోటికి వేసే తాళం.

క్షమ ఎవరి సొత్తు

క్షమించమని చెప్పేవాళ్లను సూటిగా అడుగుతున్నాం. అయ్యా, క్షమించమని ఎవరు అడిగారు? చేసినవాడు వచ్చి తప్పయిందని కాళ్లు పట్టుకున్నాడా? తప్పు ఒప్పుకోని వాడిని క్షమించడం అంటే మీ దృష్టిలో ఏమిటి? వాడు మళ్లీ ఇంకో పిల్లను పట్టుకుంటే ఆ క్షమలో మీ వాటా ఎంత?

క్షమ గొప్ప గుణం కాదని మేము అనం. అది దెబ్బ తిన్నవాళ్ల సొత్తు అంటున్నాం. ఇస్తారో ఇవ్వరో, ఎప్పుడు ఇస్తారో వాళ్ల ఇష్టం. ఒకరి పొలం ధాన్యాన్ని ఇంకొకరు దానం చేయలేరు. అలాగే ఆ పిల్ల తరఫున పాస్టరు గానీ పూజారి గానీ కులపెద్ద గానీ క్షమను పంచిపెట్టలేరు. చిన్నపిల్లలకు హాని చేసేవాళ్ల గురించి ఏసు ఎంత కఠినంగా మాట్లాడాడో మత్తయి సువార్త చదివిన ప్రతి పాస్టరుకూ తెలుసు. మరి ఆదివారం ప్రసంగంలో ఆ మాట ఎందుకు వినపడదు?

మన మాటల్నీ ఒకసారి చూసుకుందాం. ‘ఆ పిల్లను పాడుచేశాడు’ అంటాం. పిల్ల ఎక్కడ పాడైంది? పాడుబుద్ధి వాడిది. ‘పరువు పోయింది’ అంటాం. దొంగతనం జరిగిన ఇంటి పరువు పోతుందా, దొంగ పరువు పోతుందా? సిగ్గును తెచ్చి దెబ్బ తిన్నవాళ్ల నెత్తిన పెట్టేది ముందు మన భాషే.

మన పంచాయతీ సంగతి

బయటివాళ్లను అని ఊరుకుంటే సరిపోదు. మన కుల పంచాయతీలో ఇలాంటి విషయం వస్తే ఏం చేస్తున్నాం? తప్పు డబ్బు కట్టిస్తున్నాం. మేకనో పందినో కోయించి, సారా పోయించి, కూర్చుని తిని లేస్తున్నాం. పిల్ల ఒంటికి మైల అంటిందని నీళ్లు చల్లి శుద్ధి చేస్తున్నాం. శుద్ధి చేయవలసింది ఎవరిని? ఆ విందులో పిల్ల తండ్రి తిన్న ముద్ద ఎలా దిగింది? ఇదంతా మన ఆచారం, దీన్ని ప్రశ్నిస్తే ఆదివాసీ అస్తిత్వాన్ని ప్రశ్నించినట్టే అనేవాళ్లున్నారు.

వాళ్లకు మా జవాబు మేడారంలో ఉంది. మనం మొక్కే సమ్మక్క, సారలమ్మ తల్లీకూతుళ్లు. కప్పం కోసం వచ్చిన కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచారని మన పెద్దలు తరతరాలుగా చెబుతున్నారు. అన్యాయాన్ని ఓర్చుకున్నందుకు మనం వాళ్లను గద్దె మీదికి తెచ్చుకోవడం లేదు. ఎదిరించినందుకు తెచ్చుకుంటున్నాం. కూతురి పక్కన నిలబడిన తల్లిని దేవతగా కొలిచే జాతి, కూతురి నోరు మూయించడాన్ని ఆచారం అనగలదా?

కెనడా ఆదివాసులు ఏం నేర్పారు

మనలాంటి చరిత్రే ఉన్న ఒక దేశం సంగతి చూడాలి. కెనడాలో వందేళ్లకు పైగా ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుని రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. డబ్బు ప్రభుత్వానిది, నడిపింది ఎక్కువగా చర్చిలు. లక్షా యాభై వేల మందికి పైగా పిల్లలు ఆ బడుల్లో పెరిగారు. భాష పోయింది, ఎందరో ప్రాణాలే పోగొట్టుకున్నారు. చాలామంది లైంగిక హింసకు గురయ్యారు. దేవుడి పేరు చెప్పిన నోటితోనే ఎవరికీ చెప్పొద్దని బెదిరించారు.

ఆ పిల్లలు పెద్దవాళ్లయి కోర్టులకెక్కారు. 2008 జూన్ 11న ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. సత్య, సయోధ్య కమిషన్ వేల మంది మాట విని 2015లో 94 డిమాండ్లు ముందు పెట్టింది. అందులో 58వది, పోప్ కెనడాకు వచ్చి క్షమాపణ చెప్పాలని. ఏడాదిలో రమ్మంటే ఏడేళ్లు పట్టింది. 2022 జూలైలో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి క్షమాపణ అడిగాడు. అప్పుడు కూడా అది చాలదని, చర్చి అనే సంస్థ తన బాధ్యతను పూర్తిగా ఒప్పుకోలేదని కమిషన్‌కు అధ్యక్షుడిగా పనిచేసిన ఆదివాసీ న్యాయమూర్తి మర్రే సింక్లైర్ అన్నాడు. వరస గమనించండి. ముందు నిజం, తర్వాత క్షమాపణ, ఆ తర్వాతే సయోధ్య. మన ఊళ్లలో ఈ వరస తలకిందులైంది. మొదటే రాజీ, నిజం ఎన్నటికీ లేదు.

అక్కడే మానిటోబాలో హాలో వాటర్ అనే ఆదివాసీ ఊరుంది. 1980లలో ఆ ఊరివాళ్లు తమ మధ్యే తరతరాలుగా పిల్లల మీద లైంగిక హింస జరుగుతోందని ఒప్పుకున్నారు. బయటివాళ్ల మీద నెట్టి ఊరుకోలేదు. తమ ఆచారంలోని వలయం పద్ధతిని బయటికి తీశారు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, దెబ్బ తిన్న మనిషి మాట్లాడితే వింటారు. కానీ విషయం పోలీసులకు తెలియజేస్తారు. చేసినవాడు కోర్టులో నేరం ఒప్పుకుంటేనే వలయంలో వాడికి చోటు. ఆచారం, చట్టం, ప్రార్థన ఒకే చోట కూర్చున్నాయి. మన పంచాయతీ చెట్టు కింద అది ఎందుకు కుదరదు?

నమ్మకం చేయగలిగిన పని

నమ్మకం నిజంగా మాన్పుతుందా అని కొందరు యువకులు మమ్మల్ని అడుగుతారు. విజ్ఞానం చదివాం, ఇక దేవుళ్లెందుకు అంటారు. మా అనుభవం చెప్పేది ఇది. ఒంటరిగా ఉన్న మనిషికి నమ్మకం తోడు ఇస్తుంది. నువ్వు మైలపడలేదు అని దేవుడి పేరుతో ఒక పెద్ద మనిషి చెబితే, ఆ మాట ఏ మాత్రకూ రాని లోతుకు వెళ్తుంది. పండగలో డప్పుకు అడుగు కలిపినప్పుడు బిగుసుకున్న ఒళ్లు వదులవుతుంది. కొందరికి అదే దేవుడి పేరు వింటేనే వణుకు, ఎందుకంటే హింస పెట్టినవాడు దేవుడి మనిషే. వాళ్లు గడప తొక్కకపోతే అది కూడా గౌరవించాలి.

కాబట్టి ఏ గడపకైనా మేము పెట్టే పరీక్షలు ఇవి. అక్కడ చెప్పిన మాట నమ్ముతారా? తప్పు చేసినవాడిదే అని నోరారా అంటారా? విన్నది గుట్టుగా ఉంచుతారా, లేక సభలో సాక్ష్యం చెప్పిస్తారా? డాక్టరు దగ్గరికి వెళ్తానంటే వెళ్లమంటారా? పోలీసు స్టేషన్‌కు వెళ్తానంటే వెంట వస్తారా? ఈ పరీక్షలు నెగ్గిన వెజ్జు మాకు వైద్యుడే, పాస్టరు మాకు కాపరే, పూజారి మాకు పెద్దే. నెగ్గనివాడు నేరస్తుడికి కాపలాదారు.

మాస్టార్లకు, టీచరమ్మలకు

మీలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లోనే చదివారు. అక్కడి రాత్రులు మీకు తెలుసు. అందుకే ఎక్కువ భారం మీ మీద పెడుతున్నాం.

2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం అమల్లో ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. సంస్థను నడిపేవాడు తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది వరకు. బడి సిబ్బంది గానీ మత సంస్థ సిబ్బంది గానీ తమ దగ్గరున్న పిల్లల మీదే అఘాయిత్యం చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. మన ఆదిలాబాద్ పక్కనే, చంద్రపూర్ జిల్లా రాజురాలో ఆదివాసీ ఆడపిల్లల హాస్టల్ కేసు 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తెలిసి కూడా చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది నేరస్తులను కాపాడే ప్రయత్నమని కోర్టు తేల్చింది. బడి పేరు చెడుతుంది అనే సాకు ఇక చెల్లదు.

పెద్దయ్యాక ఫిర్యాదు చేయవచ్చా అని అడిగేవాళ్లకు ఒక మాట. పోక్సో కింద నేరాన్ని బయటపెట్టడానికి కాలపరిమితి లేదని 2018లో కేంద్రం స్పష్టం చేసింది. 2012కు ముందు జరిగినవాటికి పాత శిక్షాస్మృతి ఉంది, లాయరును అడగాలి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది పెద్దయిన ఆ మనిషి నిర్ణయం. తొందరపెట్టకండి, ఆపకండి. పిల్లల కోసం 1098, మనసు బాగోలేని ఎవరికైనా టెలిమానస్ 14416 ఉన్నాయి. ఈ నెంబర్లు బడి గోడ మీద, చర్చి గోడ మీద, గుడి గోడ మీద రాయించండి. ఫోను ఎత్తేచోట, ఏరియా ఆసుపత్రిలో కోయ, గోండి, కువి, సవర తెలిసిన మనిషి ఉండాలని ఐటీడీఏను నిలదీయడం మనందరి పని. మనసులో గాయం అమ్మ భాషలో ఉన్నప్పుడు వైద్యం పరాయి భాషలో ఎలా జరుగుతుంది?

చివరిగా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మీ ఊళ్లో ఎవరైనా ఏ రోజైనా మీ దగ్గర కూర్చుని, చిన్నప్పుడు నాకిలా జరిగింది అని అంటే, క్షమించు అనకండి, మరిచిపో అనకండి, ఎందుకు అప్పుడే చెప్పలేదు అని అసలే అనకండి. నమ్ముతున్నాను అనండి. తప్పు నీది కాదు అనండి. ఆ తర్వాత ప్రార్థన చేస్తారో, మొక్కు మొక్కుతారో, కోర్టుకే వెళ్తారో, ఆ మనిషి అడిగిన చోటికి తోడు నడవండి.