పేరు మనది, లిపి ఎవరిది?

“పేరు గొప్ప, ఊరు దిబ్బ” అని మన పెద్దలు ఒక సామెత చెప్పిరి. పేరు వేరు, ఊరు వేరు అను సత్యము ఆ నాలుగు మాటలలో ఇమిడియున్నది. కంప్యూటరు నేర్చుకొను విద్యార్థి మొట్టమొదట గ్రహింపవలసిన సత్యము కూడ ఇదియే. మనము తెరపై ఒక సంస్థ పేరు వ్రాయుదుము. యంత్రమునకు కావలసినది ఆ పేరు కాదు. ఆ సంస్థ కంప్యూటరుకు గల అంకెల చిరునామా. పేరును చిరునామాగా మార్చునది ఎవరు, ఏ వరుసలో మార్చుదురు, ఏ లిపిలో వ్రాసిన పేరును అంగీకరింతురు అను మూడు ప్రశ్నలను, తెలుగు ఉర్దూ భాషలు రెండింటిని పోషించు మన కళాశాల ఉపేక్షింపరాదని మా అభిప్రాయము.

‘చిరునామా’ అను మాటయే ఉర్దూ, పారసీల వైపునుండి వచ్చి తెలుగులో స్థిరపడినది. పేరు నిలిచి చిరునామా మారుట మన ప్రాంతమువారికి తెలియని విషయము కాదు. 2016 అక్టోబరు 11 వరకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును కరీంనగర్ జిల్లాలోనివే. ఆనాడు జగిత్యాల తానే జిల్లాయై కోరుట్లను తనలో చేర్చుకొన్నది. సిరిసిల్ల, రాజన్న సిరిసిల్ల జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఊళ్ళు కదలలేదు, కవరుపై వ్రాయు జిల్లా పంక్తి మాత్రము మారినది. గల్ఫు దేశములోని కొడుకు అలవాటు కొలది పాత జిల్లా పేరే వ్రాసినను ఉత్తరము ఇల్లు చేరినదనిన, అది దారి తెలిసిన పోస్టుమాను చలువ. కంప్యూటరులో ఆ పోస్టుమాను పనిచేయునది ఆపరేటింగ్ సిస్టమ్.

బ్రౌజరులో పేరు వ్రాయగానే బ్రౌజరు సాధారణముగా ఆపరేటింగ్ సిస్టమును అడుగును. సిస్టమ్ వెంటనే బయటకు పరుగెత్తదు. కొద్దిసేపటి క్రిందట ఇదే ప్రశ్నకు వచ్చిన జవాబు జ్ఞాపకములో నిలిచియున్నదేమో చూచును. తన యింటిలోనే ఉన్న హోస్ట్స్ అను చిన్న ఫైలును పరిశీలించును. అందులో పంక్తికొక చిరునామా, దాని ప్రక్కన పేరు ఉండును. 127.0.0.1 అను అంకెలకు ఎదురుగా ‘లోకల్‌హోస్ట్’ అని ఉండుట వాడుక. ‘ఇది నా యిల్లే’ అని దాని అర్థము. లినక్స్ యంత్రములలోనైతే ముందు ఈ ఫైలును చూడవలెనా, ముందు బయట విచారింపవలెనా అను వరుసను వేరొక ఫైలులో వ్రాసియుంచుదురు.

ఇంట దొరకని పేరునకు సిస్టమ్ డి.ఎన్.ఎస్. అను పేర్ల వ్యవస్థను ఆశ్రయించును. ఇంటర్నెట్టు కనెక్షను ఇచ్చినవారి రిజాల్వరును అడుగును. ఆ రిజాల్వరు మూలసర్వరును అడుగగా అది ‘.ఇన్’ వారిని చూపును. వారు ఆ క్రింది సర్వరును చూపుదురు. కడకు ఆ సంస్థ పేర్లను ఉంచుకొన్న సర్వరే అసలు చిరునామా చెప్పును. క్రొత్తవాడు ఊరి చావడిలో అడిగి, వాడ తెలిసికొని, ఇంటి ముందర నిలిచినట్లే ఇది. ప్రతి జవాబుకు ఇన్ని సెకండ్లు మాత్రమే చెల్లునను గడువు ఉండును. గడువు తీరిన పిదప మరల అడుగవలసినదే.

ఈ వరుస తెలియనందువలన కలుగు చిక్కును మేము కన్నులార చూచితిమి. ఒక విద్యాసంస్థ కంప్యూటరు గదిలో ప్రక్క యంత్రములన్నిటిలో పరీక్షాఫలితముల పుట తెరచుకొనుచుండగా ఒక్క యంత్రములో మాత్రము తెరచుకొనలేదు. తీగలు మార్చిరి. యంత్రమును ఆపి తిరిగి నడిపిరి. ఆ యంత్రము ముందున్న విద్యార్థిని తన హాల్ టికెట్టు సంఖ్యయే తప్పేమోనని కన్నీరు పెట్టుకొన్నది. చివరకు హోస్ట్స్ ఫైలులో ఎవరో ఎన్నడో వ్రాసి మరచిన పాత చిరునామా బయటపడినది. ఆ పంక్తికి గడువు లేదు. అది ఇంటనే ఉండగా సిస్టమ్ బయట ఎవరినీ అడుగనే లేదు. పంక్తి తొలగింపగానే ఫలితము వచ్చినది. యంత్రము చెడలేదు, దానికి తెలిసిన పేరు పాతబడినది.

ఈ ఫైలుకు ఒక చరిత్ర కలదు. 1970 దశకములో అమెరికాలోని ఆర్పానెట్ కంప్యూటర్ల పేర్లన్నిటిని కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒకే పట్టికగా వ్రాసి ఉంచెడివారు. తక్కిన కంప్యూటర్లవారు దానికి నకలు తెచ్చుకొనెడివారు. యంత్రములు పెరిగినకొలది ఒక్క పట్టికను సవరించుట, అందరును నకలు తెచ్చుకొనుట అసాధ్యమైనది. 1983 లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డి.ఎన్.ఎస్. ఆ భారమును పంచిపెట్టినది: ఎవరి పేర్ల పట్టికను వారే ఉంచుకొందురు. అయినను ఆ పాత పట్టికకు వారసుడైన హోస్ట్స్ ఫైలు నేటికిని ప్రతి కంప్యూటరులోను నిలిచియున్నది.

జవాబు చెప్పువానిపై నమ్మకమే ఈ వ్యవస్థకు ప్రాణము. ఆ ఫైలులో ఒక్క పంక్తి మార్చగలిగిన దుష్టుడు బ్యాంకు పేరునకు తన చిరునామా తగిలింపగలడు. పేరు సరిగానే కనుపించును. ఇల్లు మాత్రము దొంగది. ఆ సమయమున బ్రౌజరు చేయు హెచ్చరికను చూచియు “పరవాలేదు” అని ముందుకు సాగుట, దొంగకు మనమే తలుపు తీయుట.

ఇక లిపి మాట. మనము జగిత్యాల అందుము. జిల్లా వెబ్‌సైటు పేరును ఆంగ్లాక్షరములలో చూచిన, ‘గ’ తరువాతి ఇకారము కనుపింపదు. సిరిసిల్ల ఆంగ్లములో రెండవ ఇకారమును పోగొట్టుకొన్నది. కోరుట్లను ఒకచోట ఉకారముతోను, శాసనసభ నియోజకవర్గపు పేరులో అకారముతోను వ్రాయుచున్నారు. మనిషి చదివిన సర్దుకొనును. రిజాల్వరునకు ఊహ లేదు; ఒక్క అక్షరము తేడాయైన దానికి అది వేరొక పేరు. అప్పుడు ‘అట్టి పేరు లేదు’ అనును, లేదా ఆ తప్పు పేరును ముందే కొని కాచుకొన్నవాని వాకిట నిలుపును. బీడీలు చుట్టు తల్లి, మరమగ్గము నడుపు తండ్రి తమ బిడ్డ స్కాలర్‌షిప్పుకై ఈ ఆంగ్ల అక్షరక్రమమును ఊహింపవలసివచ్చుట న్యాయమా?

దీనికి మార్గము లేకపోలేదు. 2011 లోనే ‘.భారత్’ అను చివరి పేరునకు 7 లిపులలో ప్రపంచ మూలపట్టికలో స్థానము లభించినది. వానిలో తెలుగు కలదు, ఉర్దూ కలదు. డి.ఎన్.ఎస్. లోపల నేటికిని ఆంగ్లాక్షరములు, అంకెలు, అడ్డగీతలే ప్రయాణించుచున్నవి. కనుక మనము తెలుగులో వ్రాసిన పేరును బ్రౌజరు ‘ఎక్స్’, ‘ఎన్’, రెండు అడ్డగీతలతో ఆరంభమగు సంకేతముగా మార్చి పంపును. ప్యూనికోడ్ అను ఆ పద్ధతి 2003 లో వెలువడినది.

స్వలిపితోనే చిక్కులన్నియు తీరునని మేము చెప్పుట లేదు. ఉర్దూలో కోరుట్ల పేరు ‘కాఫ్’ అక్షరముతో మొదలగును. ఉర్దూ కాఫ్, అరబ్బీ కాఫ్ పదారంభమున కంటికి ఒక్కటే. యంత్రమునకు రెండు వేరు సంఖ్యలు. తెలుగు, కన్నడ అక్షరములలోను ఇట్టి పోలికలు కలవు. ఈ చిక్కులను భాష తెలిసినవారే పట్టుకొనగలరు. ఆ పని పరాయివారు మనకొరకు చేసిపెట్టరు.

“ఆంగ్లము చాలును, స్వలిపి పేర్లను అనేక దరఖాస్తు పుటలు స్వీకరింపవు” అని కొందరు ఆక్షేపింతురు. అది నిజమే. కాని వాడువారు లేనిదే స్వీకరించువారు రారు. ఒక చిరునామాకు ఎన్ని పేర్లైనను ఉండవచ్చును. బడిలో ఒక పేరు, ఇంట ముద్దుపేరు గల బిడ్డకు రెండిల్లు అక్కరలేదు. ఆంగ్ల నామము ఉండనిండు. దాని సరసన తెలుగు, ఉర్దూ నామములను కళాశాల కొరకు నమోదు చేయింపవలసినదిగా కమిటీ పెద్దలకు మా మనవి. కంప్యూటరు గదిలో ప్రతి విద్యార్థియు ఒక్కమారైనను హోస్ట్స్ ఫైలును తెరచి, చదివి, ఒక పంక్తి చేర్చి, తీసివేయు అభ్యాసము జరుగవలెను. విద్యార్థులారా, మీ యింటివారికి ఏ పేరు నమ్మదగినదో వారి భాషలో వ్రాసి యిండు.

పేరు గొప్పదైనంత మాత్రమున ఊరు బాగుపడదు. కాని తన పేరును తన లిపిలో వ్రాసుకొనలేని ఊరు, ఇతరులు వ్రాసిన పేరునకే జీవితాంతము బదులు పలుకవలసివచ్చును.