బడి పన్నును గూర్చి

పన్ను అను మాట వినినంతనే రైతు నొసలు ముడుచుకొనును. ఏరు పొంగినను, తెగులు సోకినను గడువు తప్పనిది అదియొక్కటే గదా! అయినను బడి కొరకు గ్రామమే కొంత పన్ను వేసికొనవలెనను ప్రస్తావము వచ్చినపుడు సభ్యులు దానిని వెంటనే త్రోసివేయక, మన డెల్టాలో పూర్వము జరిగిన దానిని విచారింపవలెనని మా మనవి.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి మండలమున పంటయు పైకమును పెరిగెను. ఆ దశాబ్దముననే నర్సాపురము ప్రాంతమున సబుకలెక్టరుగా నుండిన టెయిలరు దొర పాఠశాలలు పెట్టించెను. వాని వ్యయమునకై రైతులు శిస్తుపై కొంత హెచ్చుగా నిచ్చుటకు సమ్మతించిరి. వీనికి రేటు స్కూళ్లని పేరు. కాని ఒక యేట నిచ్చిన సమ్మతి మరుసటి యేటికి చెల్లునా? తండ్రి యొప్పుకొన్న దానికి కొడుకు బద్ధుడగునా? ఇట్టి వసూలునకు చట్టబలము కావలసి 1863లో మద్రాసు విద్యాశాసనమును చేసిరి. అది అంతగా ఫలింపలేదు. 1871 నాటి లోకలుఫండు శాసనముతో సెస్సు నిర్బంధమయ్యెను. దాని వినియోగము కలెక్టరు అధ్యక్షుడుగాగల బోర్డుల పాలయ్యెను. రైతు సొమ్ము మిగిలినది గాని రైతు మాట మిగులలేదు.

నేటి స్థితి యేమి? 2004లో కేంద్రము 2 శాతము విద్యాసెస్సు విధించెను. 2018 నుండి ఆరోగ్యమును విద్యయు కలిపి ఆదాయపు పన్నుపై 4 శాతము గొనుచున్నారు. సెస్సులో రాష్ట్రములకు వాటా లేదు. మన బడి కప్పు కారుచున్నదని ఆ నిధిని మనమడుగజాలము. ఇంటిపన్నుతో రూపాయికి 8 పైసలు చొప్పున గ్రంథాలయ సెస్సు గలదు. పెక్కు స్థానికసంస్థలు దానినైన సకాలమున గ్రంథాలయ సంస్థకు జమకట్టుట లేదు. కావున బడి సొమ్మునకు వేరు ఖాతా యుండవలెను. మూడు నెలలకొకమారు లెక్క బడిగోడకు అంటింపవలెను. ఈ షరతు లేని పన్నునకు మేము సమ్మతింపము.

“మా పిల్లలు బస్సెక్కి ఇంగ్లీషు బడికి పోవుచున్నారు, మాకేల యీ భారము?” అను ఆసాములు కొందరు గలరు. కాలువ మొదట పొలమున్నవాడు తనకు నీరందినదని పూడికతీతకు రాననిన యెట్లుండును? అప్పు తీసికొననివాడును మన సంఘమున వాటా కొనలేదా?

ఇక ఇంటిపన్నుపై మాత్రమే దీనిని వేయుట న్యాయము గాదు. పొలము ఇచ్చటను కాపురము పట్టణమునను గలవాడు తప్పించుకొనును. మక్తా చెల్లించి, పెట్టుబడి పెట్టి, పూరింట నున్న కౌలుదారు చిక్కుకొనును. పన్ను భూమిపై నుండవలెను. దానిని యజమానియే చెల్లింపవలెను. కౌలు కాగితములో దానిని కౌలుదారుపైకి నెట్టరాదని గ్రామసభ తీర్మానమందే వ్రాయవలెను.