భోజనశాలలో ఆమె సంతకం

ప్రొద్దుటూరులో నేను చదివిన కాన్వెంటు భోజనాల హాల్లో లియొనార్డో ‘కడరాత్రి భోజనం’ పటం ఉండేది. పైన పదమూడు మంది మగవాళ్ళు బల్ల ముందు. కింద చాపల మీద మేము. వడ్డించే ఆయమ్మ అందరూ లేచాక తినేది. ఆ పటంలో వంట ఎవరు చేశారని నాకెప్పుడూ తోచలేదు.

మొన్న పులివెందులలో ఒక సదస్సులో ఒక పెద్దాయన, “ఆడవాళ్ళలో ఒక్క లియొనార్డో అయినా ఉన్నాడా అమ్మా?” అన్నాడు. సభ నవ్వింది. అక్కడ చెప్పనివ్వని జవాబు ఇది.

ఫ్లోరెన్సులో శాంటా కాటెరీనా మఠంలో ప్లౌటిల్లా నెల్లి (1524–1588) అనే సన్యాసిని ఉండేది. సొంతంగా బొమ్మలు నేర్చుకుంది. తోటి సన్యాసినులను కూడగట్టి మఠంలోనే చిత్రశాల నడిపింది. 1560లలో తమ భోజనశాల కోసం దాదాపు ఏడు మీటర్ల పొడవున కడరాత్రి భోజనం గీసింది. గోడ మీద కాదు, గుడ్డ మీద, తైలవర్ణాలతో. తడి సున్నం ఆరేలోపు పరంజా ఎక్కి రంగులద్దే విద్య మగవాళ్ళ కార్ఖానాల్లో నేర్పేది. మఠం గడప దాటని ఆడదానికి అదెక్కడిది? (ఆ మాటకొస్తే మిలాన్‌లో లియొనార్డో వేసిందీ అసలైన ఫ్రెస్కో కాదు. పొడి గోడ మీద వేశాడు, కొన్నేళ్ళకే పెచ్చులూడింది. 1652లో అక్కడి సన్యాసులు గోడకు తలుపు పెట్టి ఏసు పాదాలనే ఎగరగొట్టారు.)

మగవాళ్ళలాగా మనుషుల్ని ఎదుట పెట్టుకుని గీసే అవకాశముంటే నెల్లి అద్భుతాలు చేసేదని వసారి 1568లోనే రాశాడు. తలుపు మూసి ఉందని ఆ కాలపు మగవాడికే తెలుసు. మన పెద్దాయనకే తెలియలేదు.

నెల్లి బల్ల మీద కాల్చిన గొర్రెపిల్ల, రొట్టెలు, చిక్కుడు గింజలు, మడత గీతలు చెరగని తెల్లగుడ్డ. ఆడదానికి తిండే కనబడుతుందని వెటకారం చేసేవాళ్ళున్నారు. లియొనార్డో పళ్ళెంలోని చేపముక్క మీద మాత్రం పరిశోధన వ్యాసాలు వస్తాయి!

ఈ చిత్రకారిణి కోసం ప్రార్థించండి అని నెల్లి సంతకం పక్కనే స్త్రీలింగంలో రాసుకుంది. నాలుగేళ్ళ మరమ్మతు తర్వాత, 2019లో గానీ అది మ్యూజియంలో జనం ముందుకు రాలేదు.

దాదాపు అదే శతాబ్దంలో మన గోపవరం మొల్ల రామాయణం రాసింది. శాస్త్రాలేవీ రావని అవతారికలో చెప్పుకుంది. మగకవి అలా చెబితే వినయం. మొల్ల చెబితే వాంగ్మూలం! పండితులు దాన్ని పట్టుకునే ఆమెకు మార్కులు వేశారు.

వచ్చే నెల జమ్మలమడుగులో పిల్లలకు మొల్ల పాఠం చెప్పాలి. అవతారిక పక్కన నెల్లి బల్ల ఫోటో పెడుతున్నాను. పెద్దాయన్ని కూడా పిలిచాను.