ఇంటి దగ్గర చదువు ఎవరి నిర్ణయం?

ఎక్కడెక్కడి పిల్లలకో పలకలు పంపిన ఊరు మార్కాపురం. ఆ చుట్టుపక్కల, గిద్దలూరు దాకా, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లకు పలక పట్టించాలంటే మాత్రం తల్లి బడిలో చేతులు కట్టుకుని నిలబడాలి. నా కూతురి కోసం నేనూ నిలబడ్డాను. “ఇంటి దగ్గరే ఉంచండమ్మా, టీచరే వచ్చి చెబుతుంది” అన్నారు. ఎంత దయ!

పిల్ల ఇంట్లో ఉంటే కాపలా ఎవరు? తండ్రి కాదు. కూలి మానుకునేది తల్లి, లేదా బడి మానేది అక్క. మేనరికం చేసింది పెద్దలైనా “నీ కడుపు పంట ఇంతే” అని మాటలు పడేదీ తల్లే. ఒక ఆడపిల్లను బడి నుంచి పంపేస్తే ఇద్దరు ఆడవాళ్లు ఇంట్లో బందీలవుతారు.

చట్టం అలా చెప్పలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షను ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు దగ్గరి బడిలోగానీ ప్రత్యేక పాఠశాలలోగానీ తమ ఇష్టప్రకారం ఉచితంగా చదువుకోవచ్చు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారు కావాలంటే ఇంటి దగ్గర చదువును ఎంచుకోవచ్చని 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించారు. కావాలంటే! దాన్ని ‘తప్పదు’గా మార్చమని ఎవరు చెప్పారు?

టీచర్లు లేరంటారు. ప్రాథమిక తరగతుల్లో 10 మంది పిల్లలకు, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని కేంద్ర ప్రభుత్వమే 2022లో చెప్పింది. ప్రభుత్వం పోస్టులు నింపకపోతే శిక్ష పిల్లకా?

అందుకే పిల్లను ఎక్కడ చదివించాలో తేల్చే మీటింగుకు ఉత్తచేతులతో వెళ్లకండి. సదరం సర్టిఫికెట్టు నకలు పట్టుకెళ్లండి. పిల్లకు ఏం రాదో వాళ్లు చెబుతారు, ఏం వచ్చో మీరు రాయించుకుని వెళ్లండి: పిలిస్తే పలుకుతుంది, తన కంచం తను కడుగుతుంది, తోటిపిల్లల్ని చూస్తే నవ్వుతుంది. భవిత కేంద్రంలో వారానికి ఎన్ని రోజులు నేర్పిస్తారు, రాకపోకల ఏర్పాటేమిటి, సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకిచ్చే నెలకు 200 రూపాయల స్టైపెండు సంగతేమిటి అని అడగండి. కుదరదంటే కాగితం మీద రాసిమ్మనండి. చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.

మనల్ని ఒంటరిగా చూసే కదా వాళ్లకా ధైర్యం! ఈసారి ఏ తల్లికి పిలుపొచ్చినా వాడలోని ఆడవాళ్లం నలుగురం తోడెళ్దాం.