ఆంగ్ల క్రియ వెంటనుండు చిన్న మాట: దోర్నపాల్ బాలుని చిక్కు

ఆంగ్లమున ‘వాజ్’, ‘వర్’ అను మాటల వెనుక ‘ఇంగ్’తో ముగియు క్రియ వచ్చినచో దానిని ‘చుండెను’ అని తెలుగుచేయవలెనని మన బడులలో నేర్పుట చిరకాలముగా పరిపాటి. ఈ సూత్రము సగము మాత్రమే నిజము. తక్కిన సగము క్రియలో లేదు, క్రియ వెంట వచ్చు ‘ఆన్’, ‘ఫర్’, ‘టు’, ‘డౌన్’ వంటి చిన్న మాటలో నున్నది. ఈ సంగతిని హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుండి చర్చించుటకంటె దోర్నపాల్ నుండి చూచుట మేలని నా అభిప్రాయము.

దోర్నపాల్ పూర్వపు బస్తరు సీమలోనిది. 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాకు చెందినది. జగదల్‌పూరు నుండి సుక్మా మీదుగా కుంటకును, అచ్చటనుండి చింతూరు, భద్రాచలముల వైపునకును పోవు జాతీయ రహదారి దాని మీదుగానే సాగును. ఇంట కోయ, అందు దోర్లి అనబడు మాండలికము, సంతలో తెలుగు, హల్బీ, బడిలో హిందీ. ఈ మూడు మెట్లును ఎక్కిన పిమ్మటగాని బాలునకు ఆంగ్లము ఎదురుపడదు. కోయ గోండీకి చెందినది. గోండీ, తెలుగు రెండును దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలోనివే యని భద్రిరాజు కృష్ణమూర్తిగారు స్థాపించియున్నారు. కావున హిందీ మాధ్యమమున చదువు ఆ బాలుని వాక్యనిర్మాణపు పునాది మనదే.

ఇక విషయమునకు వత్తును. ‘అతడు చాపమీద కూర్చుండి యుండెను’ అన్నప్పుడు మనము క్త్వార్థకముపై ‘ఉండు’ ధాతువును చేర్చుచున్నాము. ‘అతడు కూర్చుండుచుండెను’ అన్నచో శత్రర్థకముపై చేర్చుచున్నాము. మొదటిది స్థితి, రెండవది వ్యాపారము; ఆసనముపై ఇంకను ఆనలేదన్నమాట. ఆంగ్లేయుడు రెంటికిని ‘వాజ్ సిటింగ్’ అనియే అనును. భేదమును చెప్పునది వెంటనున్న మాట: ‘వాజ్ సిటింగ్ ఆన్’ అన్నచో స్థితి, ‘వాజ్ సిటింగ్ డౌన్’ అన్నచో వ్యాపారము. నిలుచుట కూడ ఇంతే: ప్రక్కన అను నర్థముగల ‘బై’ వచ్చినచో నిలిచి యుండుట, ‘అప్’ వచ్చినచో లేచుచుండుట. మనము క్రియారూపమున చెప్పు దానిని వారు క్రియ వెలుపలి మాటకు అప్పగించినారు. ఇది తెలియని బాలుడు ‘చుండెను’ సూత్రమును నమ్మి ‘వాజ్ సిటింగ్ ఆన్’ను ‘మీద కూర్చుండుచుండెను’ అని వ్రాయును. ఉపాధ్యాయుడు దానిని తప్పని కొట్టివేయును. కాని సూత్రము నేర్పినది తానే.

హిందీ ఇచ్చట మన పక్షమే. ‘బైఠా థా’ వేరు, ‘బైఠ్ రహా థా’ వేరు. భిన్న కుటుంబములకు చెందిన రెండు భాషలు ఒకే భేదమును క్రియలోనే చూపుట గమనింపదగినది. ఎమెనో 1956లో భారతదేశమును ఒక భాషామండలముగా ప్రతిపాదించిన వ్యాసపు చూపునకు దీనిని కూడ చేర్చి విచారింపవచ్చునని నాకు తోచుచున్నది.

‘వాజ్ గోయింగ్ టు’ గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. వెనుక ఊరి పేరు వచ్చినచో ‘సుక్మాకు పోవుచుండెను’. క్రియ వచ్చినచో ‘చెప్పబోవుచుండెను’. పోవుట అను ధాతువే ఉద్దేశమును సూచించుటకు మన భాషలోను ఉపయోగపడుట చూపినంతనే బాలునకు అర్థమగును. ఇచ్చట తెలుగు తెలిసిన పిల్లవానికే సౌలభ్యము ఎక్కువ.

అసలు చిక్కు ‘వాజ్ వెయిటింగ్ ఫర్’ వంటి వానిలో నున్నది. ‘నేను బస్సు కొఱకు వేచియుంటిని’ అను వాక్యమున చతుర్థీ విభక్తి స్పష్టము. కాని దీనినే బస్సునకు విశేషణముగా మార్చినచో ‘నేను వేచియున్న బస్సు వచ్చెను’ అందుము. కొఱకు ఏమైనది? పోయినది. క్రియాజన్య విశేషణము విభక్తిని మ్రింగివేయును; వినువాడు సందర్భమునుబట్టి దానిని పూరించుకొనును. ద్రావిడ భాషలకు సామాన్యమైన ఈ పద్ధతి కోయలోను గలదు. ఆంగ్లమున అట్లు మ్రింగుటకు వీలులేదు. ‘ద బస్ ఐ వాజ్ వెయిటింగ్ ఫర్’ అని తీరవలెను. వాక్యపు తోకలో ఒంటరిగా వ్రేలాడు ఆ ‘ఫర్’ మన బాలునకు నిరర్థకముగా కనబడి జారిపోవును. ఈ వ్రేలాటను 1672లో డ్రైడెను కవియే దోషమని ఎంచెను. ఆంగ్లభాష ఆయన మాట వినలేదు.

హిందీ వ్యాకరణము ఇచ్చట వేరు దారి పట్టును: ‘జిస్ బస్ కా మై ఇంతజార్ కర్ రహా థా’. విభక్తి పోలేదు, ‘జిస్’ను అంటిపెట్టుకొని ముందే నిలిచినది. తెలుగున కూడ ఈ దారి లేకపోలేదు. ‘ఏ బస్సు కొఱకు నేను వేచియుంటినో ఆ బస్సు వచ్చెను’ అనవచ్చును. బరువైన వాక్యమే, సంతలో ఎవ్వరును ఇట్లు మాటాడరు. కాని వంతెనగా చాలును. దీనినుండి ‘ఫర్ విచ్’కును, అచ్చటనుండి ‘ఫర్’ను తోకకు జరుపుటకును రెండు అడుగులే. దోర్నపాల్ బాలునకు ఈ వంతెన యొక్క రెండు కొసలును, ఇంటి వాక్యమును బడి వాక్యమును, అప్పటికే తెలిసియున్నవి. వానిని కలిపి చూపువాడు కావలెను.

ప్రతి తప్పునకును మాతృభాషయే కారణమనుట నా వాదము కాదు. ‘లిజనింగ్ టు’లో ‘టు’ను విడుచుట మన బాలునకే సహజమనరాదు. ఫ్రెంచిలోను ‘విను’ అను క్రియ నేరుగా కర్మనే గైకొనును. వేచియుండుటకు జర్మనులు ‘మీద’ అను నర్థముగల మాటను వాడుదురు. ఏ క్రియ వెంట ఏ మాట రావలెనో అను విషయమున ఆంగ్లము తన కట్టుబాటును తానే చేసికొన్నది. దానిని వల్లెవేయవలసినదే. కాని వల్లెవేయవలసిన దేదో, పోల్చి తెలిసికొనవలసిన దేదో విడదీయకుండుటచే రెండును చెడుచున్నవి.

దోర్నపాల్‌నే ఎన్నుకొనుటకు మరియొక కారణము గలదు. 2005 తరువాత సల్వాజుడుం కల్లోలములో అడవి పల్లెలనుండి జనులను తరలించి అచ్చట పెద్ద శిబిరమును నెలకొల్పిరి. ఎన్నియో కోయ కుటుంబములు గోదావరి వైపు, నాటి ఖమ్మము జిల్లా అడవులకు వలసపోయినవి. అక్కడ నిలిచిన బాలుడు హిందీద్వారా ఆంగ్లము నేర్చెను. ఇటు వచ్చినవాడు తెలుగుద్వారా నేర్చెను. ఇంటి భాష ఒక్కటే. హిందీ చదివినవానికి ‘జిస్ కా’ దొరకినది. తెలుగు చదివినవానికి ‘బోవు’ దొరకినది. ఒకనికి తెలిసినది వేరొకని పాఠ్యపుస్తకమునకు తెలియదు. ఇరువురిలో ఎవని ఉత్తరపత్రమునందైనను ‘ఫర్’ జారిపోయినచో మార్కు పోవును. వానిని మందబుద్ధి యనుటయు గలదు. ఆ జారుటలో ఒక నియమమున్నదని చెప్పవలసినవారు భాషాశాస్త్రజ్ఞులు.

మన శాఖలలో తెలుగు, గోండీ ధాతువులను పోల్చి మూలరూపములను నిర్ణయించు కృషి గౌరవనీయమైనది. గిడుగు రామమూర్తి పంతులుగారు శవర భాషను నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషలోనే పాఠములు వ్రాసినారు. ఆ దారిలో, ఈ రహదారి వెంబడి బడులలో పిల్లలు వ్రాసిన ఆంగ్లవాక్యములను ప్రోగుచేసి, ప్రతి తప్పునకు ప్రక్కన కోయ, తెలుగు, హిందీ వాక్యములను నిలిపి చూచువారు మన పరిశోధక విద్యార్థులలో ఇద్దరు ముగ్గురైనను బయలుదేరవలెను. కుంటనుండి ఆరంభించుట సుకరము. అచ్చట తెలుగుతో పని జరుగును.