కోచ్‌ను మారిస్తే చాలా?

జట్టు ఓడగానే "కోచ్‌ను మార్చాలి" అనే మాట మీరు వినే ఉంటారు. అది ఎంతవరకు సరైనది?

గ్రాహం రీడ్ శిక్షణలో మన పురుషుల హాకీ జట్టు 2021లో, టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 41 ఏళ్ల తర్వాత వచ్చిన పతకమది. 2023 ప్రపంచ కప్‌లో, సొంతగడ్డపై, క్వార్టర్ ఫైనల్ చేరలేదు. రీడ్ రాజీనామా చేశారు. క్రెయిగ్ ఫుల్టన్ వచ్చారు. 2024లో పారిస్‌లోనూ కాంస్యమే వచ్చింది.

మార్పు వల్లనే పతకం వచ్చిందని కొందరంటారు. కాని టోక్యోలో ఆడినవారిలో చాలామంది పారిస్‌లోనూ ఆడారు. ఏళ్ల తరబడి చేసిన సాధనను మరువరాదు.

జోల్వా మగ్గాలపై పనిచేసే మీకు ఇది తెలియనిది కాదు. నూలు నాసిదైతే మేస్త్రీని మార్చినా బట్ట బాగుపడదు. కనుక ఒక్క ఓటమి చూసి తీర్పు చెప్పకూడదు. ముందు కారణం వెతకాలి.

మీరేమంటారు? కారణాలు చూపుతూ ఐదు వాక్యాలు రాయండి.