కలిపినదంతా కల్తీ కాదు

కిందటి చలికాలం కుపర్టినోలో బంధువుల ఇంట విందుకు వెళ్ళాను. వచ్చినవారంతా తెలుగువారే. గృహస్థు మురిపెంగా ఒక ఎర్ర వైను సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. పేరు మోంటె బెల్లో, తయారీ రిడ్జ్ వారిది. పక్కన కూర్చున్న పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, లేబులు మీది నాలుగు ద్రాక్షల పేర్లూ, వాటి పాళ్ళూ చదివి పెదవి విరిచారు. "ఇదేమిటండీ, నాలుగు రకాలు కలిపేశారు! కల్తీ సరుకు. ఒకే ద్రాక్షతో చేసిన అసలు సిసలుది లేదా?" నలుగురూ తలలూపారు. గృహస్థు ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి మర్యాద కోసం ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. వైను తాగమని ఎవరికీ చెప్పబోవడం లేదు. తాగనివారికి నా నమస్కారం. నా పేచీ అంతా 'కల్తీ' అనే ఆ మాటతోనే.

ముందు ఆ కొండ సంగతి. కుపర్టినోకు పడమట నిలబడినవి శాంటా క్రూజ్ కొండలు. వేలమంది మనవాళ్ళు నిత్యం వాటి నీడనే ఉద్యోగాలకు పోతుంటారు. ఆ వరుసలో ఒక గట్టు మోంటె బెల్లో. ఇటాలియన్ భాషలో 'అందమైన కొండ' అని అర్థం. ఓసియా పెరోనే అనే వైద్యుడు 1880లలో అక్కడ నేల కొని ద్రాక్ష వేయించాడు. 1920 నుంచి 1933 దాకా నడిచిన మద్యనిషేధం దాన్ని దెబ్బతీసింది. 1959లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు చెందిన కొందరు ఇంజనీర్లు అక్కడ కొంత భూమి కొని మళ్ళీ ప్రాణం పోశారు. 1969లో వచ్చి చేరిన పాల్ డ్రేపర్ 2016 వరకూ ఆ వైనుకు పెద్దదిక్కుగా నిలిచాడు.

అది చల్లని కొండ. పసిఫిక్ సముద్రపు గాలీ, మంచూ కొండ మీద ఎండను మెత్తబరుస్తాయి. 1981లో శాంటా క్రూజ్ కొండలను ప్రత్యేక ద్రాక్షసీమగా గుర్తించినప్పుడు, హద్దులను చాలావరకు ఎత్తును బట్టే గీశారు: సముద్రం వైపు 400 అడుగులు, లోయ వైపు 800 అడుగులు. మోంటె బెల్లో తోటలు అంతకంటే ఎంతో ఎత్తున ఉన్నాయి. అంత చల్లనిచోట కాయ నెమ్మదిగా పండుతుంది. మెర్లో ముందు పండుతుంది. కాబెర్నే సావిన్యోన్ ఆలస్యంగా పండుతుంది. పెటీ వెర్డో మరీ మొండిది. ఒక ఏడు ఒకదానికి అనుకూలిస్తే, మరో ఏడు మరొకదానికి. అందుకే ఒక్కొక్క మడి కాయనూ విడిగా కోసి, విడిగా పులియబెట్టి, ఏది ఏ మడిదో తెలియకుండా రుచి చూసి, పొందిక కుదిరినవాటినే కలుపుతారు. కుదరనిది ఆ పేరుకు నోచుకోదు. కాబెర్నే వెన్నెముకనిస్తుంది, మెర్లో మార్దవాన్నిస్తుంది, పెటీ వెర్డో రంగునూ, కాబెర్నే ఫ్రాంక్ పరిమళాన్నీ ఇస్తాయి. పాళ్ళు ఏటేటా మారతాయి, ఎందుకంటే ఏటేటా ఆకాశం మారుతుంది. దీన్ని కల్తీ అనే నోరు పోపులపెట్టెను ఏమంటుందో!

ఇక పెద్దమనిషి కోరిన 'అసలు సిసలు' సంగతి. అమెరికా చట్టం ప్రకారం సీసా మీద ఒక ద్రాక్ష పేరు వేయాలంటే అందులో ఆ ద్రాక్ష 75 శాతం ఉంటే చాలు. తక్కిన పాతిక పాళ్ళు ఏమిటో చెప్పనక్కరలేదు. రంగు చాలకపోతే చిక్కటి ద్రాక్షగాఢం ఒక చెంచాడు వేసినా లేబులు నోరు మెదపదు. రిడ్జ్ వారు అలా కాక, ద్రాక్షల పాళ్ళతో పాటు 2011 పంట నుంచి తాము వాడిన పదార్థాల జాబితాను కూడా, చట్టం అడగకుండానే, లేబులు మీద అచ్చువేయిస్తున్నారు. ఒకటే పేరు పెట్టుకున్నది మౌనంగా ఉంది, నాలుగు పేర్లు పెట్టుకున్నది అన్నీ విప్పి చెప్పింది. చెప్పినవాడికి కల్తీగాడని పేరు, దాచినవాడికి స్వచ్ఛమని కితాబు!

ఆ మాటకొస్తే ఒంటరి మహారాజుగా పూజలందుకునే కాబెర్నే సావిన్యోన్ మాత్రం ఎవరు? కాబెర్నే ఫ్రాంక్‌కూ, సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్షకూ పుట్టిన బిడ్డ. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 1997లో జన్యుపరీక్షలతో తేల్చారు. శుద్ధవంశమని చాటుకునేవారి వంశవృక్షాలన్నీ ఇంతే.

ఒక విషయం ఒప్పుకోవాలి. 1976 ప్యారిస్ పోటీలో అయిదో స్థానం, 2006లో అవే ఎర్ర వైన్లను మళ్ళీ రుచి చూసినప్పుడు మొదటి స్థానం పొందిన 1971 నాటి మోంటె బెల్లో మీద ఉన్నది కాబెర్నే పేరే. కనుక ఆ గెలుపును నేను మిశ్రమానికి సాక్ష్యంగా తేను. నా వాదానికి గెలుపులు అక్కరలేదు.

"ఖరీదైన సీసాకు నిజాయితీ ఒక అలంకారం, సామాన్యుడి సరుకుకు ఇదెక్కడ సాధ్యం?" అంటారేమో. మీ ఇంటి కాఫీపొడి పొట్లం తిప్పి చూడండి. చికోరీ కలిపితే ఏది ఎంత శాతమో ముద్రించాలని మన దేశపు ఆహార నిబంధన; కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. చికోరీ కలిసిన ఆ చిక్కటి డికాక్షనే కావాలని అడిగి కొనేవారున్నారు. వారు మోసపోవడం లేదు, ఎంచుకుంటున్నారు. అదే చికోరీని చెప్పకుండా కలిపి 'శుద్ధమైన కాఫీ' అని అమ్మితే అది నేరం. పదార్థం అదే, పాళ్ళూ అవే. తేడా ఒక్క అచ్చుముక్కలో ఉంది. కల్తీ కలపడంలో లేదు, దాచడంలో ఉంది.

భాష విషయంలోనూ ఇదే గోల వింటున్నాం కదా! మన నన్నయ భారతమే గద్యపద్యాలు కలిసిన చంపువు. కాగితం, దస్తావేజు పారశీకం నుంచి వచ్చాయి, అలమార పోర్చుగీసు నుంచి. వీటన్నిటినీ ఏరి పారేసి మిగిలిన దానితో 'అచ్చమైన' సంసారం చేసేవారు చేయవచ్చు. నాకు మాత్రం, ఎక్కడినుంచి ఏది తెచ్చుకున్నానో ఒప్పుకునే భాషే నిజాయితీ గల భాష.

ఆ పెద్దమనిషి మళ్ళీ ఎదురైతే గొడవ పడను. ఒకటే అడుగుతాను: "అయ్యా, మీ అసలు సిసలు సీసాలో ఆ పాతిక పాళ్ళూ ఏమిటి?"